క్షయతిథి, కృష్ణానది గేజి

కృష్ణ వరదలను గురించి ఇదివరలో నేను వ్రాసిన టపా చదివి ఒక బ్లాగ్మిత్రుడు చిక్కు ప్రశ్న ఒకటి పంపారు. 2024 సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశం బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైనదని అందరమూ చెప్పుకుంటున్నాము. అది ఆ రోజు మొత్తానికి సగటా, లేక ఏదో ఒక గంటలో కనబడిన గరిష్ఠమా? 1903లో సుమారు 10.6 లక్షలని పాత లెక్క ఉన్నది. అదికూడా ఇదే పద్ధతిలో తీసినదేనా? కాకపోతే రెంటినీ పక్కపక్కన నిలబెట్టి ఇది పెద్దది, అది చిన్నది అనడం ఎంతవరకు సబబు?

ప్రశ్న చిన్నది, సమాధానం మాత్రం ఒక్క వ్యాఖ్యలో ఇమిడేది కాదు. నేను ఇంజనీరును కాను, ముప్పైయేళ్ళకు పైగా పిల్లలకు ఛందస్సూ సంధులూ చెప్పిన తెలుగు పండితుణ్ణి. అయితే మా డెల్టాలో నీటినీ వాననూ సముద్రాన్నీ ఎవరు, ఎప్పుడెప్పుడు, ఎన్నిసార్లు కొలిచారన్నది చరిత్రే కనుక, దానిని గురించి వ్రాసే స్వతంత్రం తీసుకుంటున్నాను.

విషయంలోకి వెళ్ళేముందు పంచాంగం తీయండి. మనవాళ్ళకు ఏ రోజుకు ఏ తిథి అని అడిగితే, ఆనాటి సూర్యోదయవేళకు ఉన్న తిథిని చెబుతారు. అంటే చంద్రుడు నిరంతరంగా కదిలిపోతూ ఉంటే, మనం రోజుకొక్కసారి, సూర్యుడు పొడిచేవేళ, తలయెత్తి చూసి ఒక పేరు వ్రాసుకుంటున్నామన్నమాట. తిథి ప్రమాణం ఒకే తీరున ఉండదు. ఒకప్పుడు ఇరవై గంటలలోపే ముగుస్తుంది, ఒకప్పుడు ఇరవైయారు గంటలదాకా సాగుతుంది. సూర్యోదయమైన కాసేపటికి మొదలై మరునాటి సూర్యోదయానికి ముందే ముగిసిపోయిన తిథి ఏ ఉదయానికీ దొరకదు. దానిని క్షయతిథి అన్నారు. రెండు సూర్యోదయాలనూ తాకిన తిథి రెండుసార్లు లెక్కకు వస్తుంది. అది వృద్ధి. ఆకాశంలో ఏ తిథీ చావలేదు, ఏదీ రెండుసార్లు పుట్టలేదు. మనం చూసిన వేళల మధ్య ఎడమే ఆ క్షయాన్నీ వృద్ధినీ కల్పించినది.

ఇంకొక మాట కూడా పెద్దలు ఆలోచించారు. శ్రీరామనవమికి మధ్యాహ్నవేళకు ఉన్న తిథి కావాలి, శివరాత్రికి అర్ధరాత్రికి ఉన్నది కావాలి, దీపావళికి ప్రదోషవేళకు ఉన్నది కావాలి. పనిని బట్టి చూసే వేళ మారుతుంది. ఒక్క సూర్యోదయపు చూపుతోనే అన్నిటినీ తేల్చబోతే శివరాత్రి తప్పుతుంది. పండుగ ఏనాడు అని ఏటా తగవులాడుకోవడం మనకు అలవాటే కాని, ఆ తగవు వెనుకనున్న గణితం చిన్నది కాదు. ఈ క్షయతిథిని మనసులో పెట్టుకుంటే ఇక చెప్పబోయేదంతా సులువు.

ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ కృష్ణకు ఆనకట్ట కట్టడం 1852లో మొదలై 1855కు పూర్తి అయినది. పథకం ఆర్థర్ కాటన్ దొరది, దగ్గరుండి కట్టించినవాడు కెప్టెన్ ఓర్. కాటన్ పేరు ఊరూరా విగ్రహాలమీద ఉన్నది, ఓర్ పేరు బెజవాడలో ఎంతమందికి తెలుసునో! ఆనకట్టతోపాటు కాలువలు, కాలువలతోపాటు లాకులు, లాకులతోపాటు గేజీలు వచ్చాయి. గేజి అంటే అడుగులు, అంగుళాలు చెక్కిన రాయి, లేదా రంగువేసిన బద్ద. దానిని చూసి చెప్పేవాడు లస్కరు. నీరు ఏ అంకెను తాకుతున్నదో చూడటం, పుస్తకంలో ఎక్కించడం, అంతే. మా తరంవారికి లాకుల దగ్గరి లస్కరు అంటే చిన్న ఉద్యోగి. కాని కాలువ నీటి చరిత్రకు మొదటి లేఖకుడు అతడే.

లస్కరు రోజంతా బద్ద దగ్గర కూర్చోడు. మామూలు రోజులలో ఉదయం ఒకసారి, అవసరమైతే మధ్యాహ్నం, సాయంత్రం చూస్తాడు. వరద వస్తే గంటగంటకూ చూస్తాడు. అంటే ఒకే పుస్తకంలో, ఒకే నదిని గురించి, రెండు మూడు రకాల నడకలున్నాయి. మామూలు రోజుల పుటలో ఒక్క అంకె, వరదరోజు పుటలో ఇరవైనాలుగు. సరిగా చదవాలంటే ముందుగా తెలియవలసినది అంకె కాదు, ఆ అంకెకూ ముందు అంకెకూ ఎంత ఎడమున్నదన్నది.

పైగా గేజి చెప్పేది నీటి ఎత్తు మాత్రమే. ఎన్ని క్యూసెక్కులన్నది ఎవరూ కంటితో చూడరు. ఆనకట్టమీద నీరు ఎంత మందాన పొర్లుతున్నదో చూసి, కట్ట పొడవును బట్టి, సూత్రం వేసి కడతారు. 1952లో పాత ఆనకట్టకు గండిపడిన తరువాత 1954-57లలో కట్టిన బ్యారేజికి 70 తలుపులున్నాయి. అక్కడ ఏ తలుపు ఎంత ఎత్తారు, పైన నీరెంత ఉన్నది, కింద ఎంత ఉన్నది అన్న మూడింటినీ బట్టి లెక్క. కనుక మిత్రుడి ప్రశ్నలో సగానికి ఇక్కడే జవాబున్నది. 1903 నాటి అంకె పొర్లుకట్టమీది నీటి మందం నుండి పుట్టినది, 2009, 2024 నాటి అంకెలు తలుపుల లెక్క నుండి పుట్టినవి. రెండూ గరిష్ఠాలే, రోజు సగటులు కావు. అయినా రెండూ ఒకే త్రాసులో తూచినవి కావు.

గడియారాల సంగతి కూడా చెప్పాలి. మనం ఇప్పుడు వాడే భారత ప్రామాణిక కాలం 1906 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. అంతకుముందు రైళ్ళు మద్రాసు కాలంమీద నడిచేవి, అది ఇప్పటి కాలానికి సుమారు తొమ్మిది నిమిషాలు వెనుక. 1903 అక్టోబరు వరదకు ఒక గంట వ్రాసి ఉంటే అది ఏ కాలమో కనుక్కోకుండా ఇప్పటి గంటలతో కలపరాదు. నది విషయంలో తొమ్మిది నిమిషాలు పెద్ద తేడా కాదంటారా, సరే. సముద్రం విషయంలో అట్లా అనలేము.

సముద్రమంటే మాకు బందరు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుఫానులో సముద్రం బందరుమీదికి వచ్చినది. ముప్పైవేలమంది పోయారని లెక్క. 1883లో అచ్చయిన గోర్డన్ మెకంజీ కృష్ణాజిల్లా మాన్యువల్ ఈ ఉపద్రవాన్ని వివరంగా చెబుతుంది. మామూలు పోటుకన్న పదమూడడుగుల ఎత్తున నీరు వచ్చినదని అంచనా. ఆ ఏడే, సుమారు నాలుగు వారాల ముందు, అక్టోబరు 5న కలకత్తాను ఇంకొక తుఫాను ముంచినది. ఈ రెండూ, ఆ తరువాతి కరువులూ కలిసి దేశమంతటికీ ఒక వాతావరణ శాఖ కావాలన్న ఆలోచనకు బలమిచ్చాయి. 1875లో ఆ శాఖ ఏర్పడినది, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దాని మొదటి అధికారి. బందరువాళ్ళ ప్రాణాలతో కొన్న శాఖ అని నేను తరగతిలో చెప్పేవాడిని. కాస్త అతిశయోక్తే కాని అబద్ధం కాదు.

ఆ శాఖ తాలూకా కచేరీల ఆవరణలలో వానకొలత పాత్రలు పెట్టించినది. ఉదయం ఎనిమిదిన్నరకు పాత్రలోని నీటిని కొలిచి వ్రాయడం నేటికీ చెల్లుతున్న ఆచారం. నిన్న ఎనిమిదిన్నర మొదలు ఈ ఎనిమిదిన్నరవరకు కురిసినదంతా నేటి తేదీ కింద పడుతుంది. ఈ చిన్న నియమాన్ని గుర్తుంచుకోండి, చివర దానితో పనున్నది. రోజుకొక్క అంకె అంటే, గంటసేపు కుండపోతగా కురిసినా, ఇరవైనాలుగు గంటలు సన్నజల్లుగా కురిసినా పట్టికలో ఒకటే. పొలానికి రెండూ ఒకటి కావు, బుడమేరుకు అసలే కావు.

ఈ లోపం తీర్చడానికే గడియారపు పీపాలు వచ్చాయి. పీపా చుట్టూ గళ్ళ కాగితం చుట్టి ఉంటుంది. లోపలి గడియారం దానిని మెల్లగా తిప్పుతూ ఉంటుంది. సిరాకలం కాగితాన్ని ఆనుకొని గీత గీస్తూ పోతుంది. వానదైతే రోజుకొక కాగితం, వాయుపీడనానిదైతే సాధారణంగా వారానికొకటి. కలం ఎక్కడా ఆగదు కనుక ఈ గీతలో క్షయతిథి లేదు. గుమాస్తా ఆ గీతను చూసి గంటగంటకూ ఒక అంకె చొప్పున పట్టికలోకి దింపగానే మళ్ళీ క్షయతిథి వచ్చి కూర్చుంటుంది. కాగితం చిరిగి చెదలు పట్టి పట్టిక మాత్రమే మిగిలితే, రెండు గంటల మధ్య జరిగినది శాశ్వతంగా పోయినట్టే.

సముద్రపు ఆటుపోట్లు దీనికి మంచి ఉదాహరణ. పోటుకూ పోటుకూ నడుమ సుమారు పన్నెండు గంటల ఇరవైయైదు నిమిషాల ఎడం. అందుచేత పోటు వేళ రోజురోజుకూ యాభై నిమిషాలు వెనక్కు జరుగుతుంది. మీరు గిలకలదిండికో హంసలదీవికో వెళ్ళి రోజూ సరిగ్గా ఉదయం ఎనిమిదికి మాత్రమే నీటిమట్టం చూసి వ్రాశారనుకోండి. పుస్తకంలో ఏం కనబడుతుంది? సముద్రం సుమారు పదిహేను రోజులకొకసారి మెల్లగా పొంగి మెల్లగా తగ్గుతున్నట్టు కనబడుతుంది. రోజుకు రెండుసార్లు లేచి పడే సముద్రం మీ పుస్తకంలో పక్షానికొకసారి ఊపిరి తీసుకునే సోమరి అవుతుంది. అంకెలలో ఒక్కటీ తప్పు లేదు, బొమ్మ మొత్తం తప్పు. ఏ కదలికనైనా పట్టాలంటే దాని ఒక్కొక్క ఆవృత్తికి రెండు కన్నా ఎక్కువసార్లు చూడాలన్న సూత్రాన్ని 1928లో నైక్విస్ట్, 1933లో కొటెల్నికోవ్, 1949లో షానన్ వేరువేరు దారులలో స్థిరపరిచారు. బెస్తవాడికి ఆ సూత్రం అక్కరలేదు. అతడు రోజుకొక్కసారి మాత్రమే సముద్రాన్ని చూసేవాడు కాడు.

1883 ఆగస్టు 27న జావా దగ్గరి క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు పుట్టిన అలలను మన తీరంలోని పోటుకొలత యంత్రాల కలాలు గీసి పెట్టాయి. మద్రాసు, నాగపట్టణం, విశాఖపట్నంలలో ఆ గీతలు పడ్డాయి. అటువంటి అలలు కొన్ని పదుల నిమిషాల ఎడంలో లేచి పడతాయి. గంటకొక అంకెచొప్పున దింపిన పట్టిక మాత్రమే మిగిలి ఉంటే వాటి ఆకారం మనకు తెలిసేదే కాదు.

2004 డిసెంబరు 26 మనలో చాలామందికి గుర్తే. సుమత్రా దగ్గర భూకంపం మన కాలమానంలో ఉదయం 6 గంటల 29 నిమిషాలకు వచ్చినది. శాస్త్రజ్ఞుల పత్రాలలో అది 0 గంటల 59 నిమిషాలని ఉంటుంది, ఎందుకంటే వారు వ్రాసేది గ్రీనిచి కాలం. మన తీరానికి అల తొమ్మిది గంటల ప్రాంతంలో చేరినది. ఆనాడు పౌర్ణమి, బందరు దగ్గరి మంగినపూడి తీరంలో సముద్రస్నానాలకు వచ్చినవారిలో కొందరు కొట్టుకుపోయారు. రాష్ట్రం మొత్తంమీద నూరుమందికి పైగా పోయారు. నడుమ రెండున్నర గంటల వ్యవధి ఉన్నది, చెప్పేవాడు లేడు. ఆ తరువాత 2007 అక్టోబరులో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైనది. ఇటువంటి కేంద్రాలకు కబురందించే కడలి అడుగు పీడనమాపకాలలో ఒక రకం చిత్రంగా పనిచేస్తుంది. మామూలు రోజులలో పావుగంటకొక అంకె చొప్పున పంపుతుంది. అలజడి పసిగట్టిన వెంటనే పదిహేను సెకన్లకొక అంకె పంపుతుంది, కొద్ది నిమిషాల తరువాత నిమిషపు సగటులు పంపుతుంది. మన లస్కరు వరదరోజున చేసే పనే ఇది! యంత్రం చేస్తే దానిని గొప్పగా చెప్పుకుంటాము.

1977 నవంబరు 19ని గురించి వ్రాయకుండా ఈ టపా ముగించలేను. దివిసీమ ఉప్పెన. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేలమంది. ఆనాటి సాయంత్రం పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి పరిసరాలలో సముద్రం ఇళ్ళకన్న ఎత్తున వచ్చినది. తాటిచెట్టు పట్టుకున్నవాడు బ్రతికాడు, బిడ్డను పట్టుకున్న తల్లి కొట్టుకుపోయినది అన్న మాటలు ఆ ప్రాంతంలో ఏ ఊరికి వెళ్ళినా వినబడతాయి. ఉప్పెన ఎత్తు అయిదు మీటర్లని చదువుతాము. ఆ అయిదు మీటర్లు ఏ పీపామీదా ఏ కలమూ గీసిన గీత కాదు. నీరు తీసిన తరువాత మిగిలిన గోడలమీది చారలు, చెట్ల కొమ్మలకు చిక్కుకున్న గడ్డీ గుడ్డలూ చూసి నిర్ణయించినది. అంటే మొత్తం ఉప్పెనకు మనకున్నది ఒక్కొక్క చోట ఒక్కొక్క అంకె. ఎంత ఎత్తు అన్నది ఉన్నది. ఎప్పుడు మొదలైనది, ఎన్ని నిమిషాలలో నడుముల లోతు అయినది, ఎంతసేపు నిలిచినది అన్నది లేదు. ప్రాణం దక్కించుకోవడానికి ఎంత వ్యవధి దొరికినదో చెప్పగలిగేది ఆ రెండవ సమాచారమే. దానికి బ్రతికినవారి జ్ఞాపకమొక్కటే ఆధారం. గోడచార గరిష్ఠాన్ని మాత్రమే దాచుకుంటుంది, కాలాన్ని దాచుకోదు.

ఇంత చరిత్ర చెప్పి ఇప్పుడు కంప్యూటరు దగ్గరకు వస్తున్నాను. నా దగ్గర పదవతరగతి చదివి ఇప్పుడు సాఫ్ట్‌వేరు వృత్తిలో ఉన్న శిష్యుడొకడున్నాడు. ఆ ప్రశ్న వచ్చినప్పుడు అతడిని సంప్రదించాను. రోజుకొక అంకె వాన, గంటకొక అంకె గేజి, బందరు డాప్లర్ రాడారు పదినిమిషాలకొకసారి చుట్టి తీసే బొమ్మ, ఈ మూడింటినీ ఒకే కాలరేఖమీద చదవడం సాధ్యమా అని అడిగాను. ఆ రాడారు 2004 నుండి ఉన్నదే.

“సాధ్యమే మాస్టారూ, కాని చదివేటప్పుడు సరాసరి తీయమంటారా, ఉన్న అంకెనే మళ్ళీమళ్ళీ వేయమంటారా?” అన్నాడు.

“అదేమిట్రా, ఉన్నది ఉన్నట్టు చదవలేవా?” అన్నాను.

“ఉన్నది ఉన్నట్టు చదివితే మూడు వరుసలకూ పొడవులు కలవవు. కలపాలంటే ఏదో ఒకటి చేయాలి.”

ఈ సమస్యను మొదట గట్టిగా ఎదుర్కొన్నవారిలో వైద్యరంగంవారున్నారని అతడే చెప్పాడు. మంచంమీది రోగి గుండె చప్పుడు గీతను సెకనుకు కొన్ని వందలసార్లు కొలవాలి, ఊపిరికి అంత అక్కరలేదు, జ్వరానికి నిమిషానికొకసారి చూసినా ఎక్కువే. అన్నీ ఒకే దస్త్రంలో ఉండాలి. అమెరికాలో ఎం.ఐ.టి.వారు, బోస్టనులోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రివారు కలిసి 1980లో విడుదల చేసిన గుండెగీతల భాండారంలో ఒక్కొక్క గీత సెకనుకు 360 అంకెలు. ఆ పరంపరలో పెరిగిన సాఫ్ట్‌వేరు, 1992లో ఐరోపావారు ఏర్పరచుకున్న దస్త్రపు పద్ధతి, రెండూ దాదాపు ఒకే ఉపాయం చేశాయి. కాలాన్ని సమానమైన ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కలో ఏ వరుస అంకెలు ఎన్ని ఉంటాయో దస్త్రం పీఠికలో ముందే వ్రాసిపెట్టారు.

సంగీతం తెలిసినవారికి ఇది కొత్త కాదు. ఆదితాళానికి ఎనిమిది దెబ్బలు. సరళీస్వరాలు మొదటికాలంలో దెబ్బకొక స్వరం, రెండవకాలంలో రెండు, మూడవకాలంలో నాలుగు. ముగ్గురు పిల్లలను కూర్చోబెట్టి ఒక్కొక్కరిని ఒక్కొక్క కాలంలో పాడమంటే ఆవర్తనం ముగిసేసరికి ఒకరు ఎనిమిది, ఒకరు పదహారు, ఒకరు ముప్పైరెండు స్వరాలు పాడి ఉంటారు. ముగ్గురూ కలిసి సమానికి చేరతారు. తాళం తప్పనంతవరకు ఎవరి లెక్క వారిదే. దస్త్రంలో ముక్క అన్నది ఇక్కడ దెబ్బ. పీఠిక అంటే పాటకు ముందే ‘ఇతడు మూడవకాలం’ అని గురువు చెప్పడం. ఆ మాట వినకుండా లోపలికి వచ్చినవాడికి అంతా గందరగోళం.

ఇప్పుడు ముగ్గురి పాటనూ ఒకే వరుస కాగితంమీద వ్రాయాలి. మార్గాలు రెండు. మొదటిది, దెబ్బకొక గడి మాత్రమే గీయడం. అప్పుడు మూడవకాలంవాడి నాలుగు స్వరాలను కలిపి సగటు చేసి ఒక గడిలో వేయాలి. సరిగమలకు సగటేమిటని మీరు నవ్వవచ్చు. నీటిమట్టానికి మాత్రం రోజూ చేస్తున్నారు. ఊహకు చెబుతున్నాను, వరుసగా నాలుగు గంటల గేజి 12, 13, 17, 14 అడుగులనుకోండి. సగటు 14. కరకట్ట పదహారడుగులకు పొర్లేదైతే ఆ సగటు చదివినవాడు హాయిగా నిద్రపోతాడు. రెండవ మార్గం, దెబ్బకు నాలుగు గడులు గీసి మొదటికాలంవాడి ఒక్క స్వరాన్నీ నాలుగు గడులలోనూ నింపడం. దీనిలో ఏ గరిష్ఠమూ పోదు, కాని లేని సమాచారం ఉన్నట్టు కనబడుతుంది. రోజుకొక అంకె ఉన్న వానను ఇరవైనాలుగు గంటలలోనూ నింపితే, వాన రోజంతా సమానంగా కురిసిందని బొమ్మ చెబుతుంది. పైన చెప్పిన వైద్యపు సాఫ్ట్‌వేరులో ఈ రెండు మార్గాలూ ఉన్నాయి, ఏది కావాలో చదివేవాడు చెప్పుకోవాలి. చెప్పకపోతే సగటు మార్గంలో చదువుతుందట. మూడవ మార్గం రెండు చుక్కల మధ్య గీత గీసి పూరించడం. చూడటానికి అందంగా ఉంటుంది. అందుకే దానిని నేను అన్నిటికన్న ఎక్కువ అనుమానిస్తాను. తాళపత్రంలో పురుగు తిన్నచోట పండితుడు సొంత అక్షరాలు పూరించి, పూరించానని చెప్పకపోతే ఎంత ప్రమాదమో, ఇదీ అంతే. మా శిష్యుడిచేత పూరించిన గడులన్నీ వేరే రంగులో వేయించాను.

ఇదంతా చాదస్తమని ఎవరైనా అంటే 2009నూ 2024నూ చూడమంటాను. 2009 అక్టోబరు మొదటి వారంలో శ్రీశైలానికి గరిష్ఠంగా 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. అక్టోబరు 5న బెజవాడ దగ్గర గరిష్ఠం 11.10 లక్షలు. నడుమ శ్రీశైలం, నాగార్జునసాగరం ఆ పోటును నిలబెట్టి, పరిచి, మెల్లగా వదిలాయి. అంటే జలాశయం తానే ఒక సగటు యంత్రం. కాగితంమీద సగటు తీస్తే వరద దాక్కుంటుంది, నీటికే సగటు తీస్తే వరద నిజంగా తగ్గుతుంది. 2024లో సాగరానికి దిగువన, మున్నేరు, వైరా, పాలేరు పరీవాహకాలలోనే పెద్ద వాన పడినది. ఆ నీటికి అటువంటి సగటు యంత్రం అడ్డులేదు. 1903 నాటి అంకెతో పోల్చేటప్పుడు ఇది కూడా చూసుకోవాలి. ఆనాడు పైన ఈ జలాశయాలే లేవు. కృష్ణ అప్పుడు తన సహజమైన ఆకారంలో బెజవాడకు వచ్చినది.

ఇక వాన తేదీ. 2024 ఆగస్టు 31 శనివారం విజయవాడలో ఇరవై సెంటీమీటర్లకు మించి కురిసినది. ఎనిమిదిన్నర నియమం ప్రకారం శనివారం పగటి వాన, రాత్రి వాన పట్టికలో సెప్టెంబరు 1 ఆదివారం పేరున చేరతాయి. బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లుపడి, సింగునగరం మునిగినది ఆదివారం. బ్యారేజి గరిష్ఠం సోమవారం. ఇప్పుడు ఎవరో ఒక పరిశోధకుడు నలభైయేళ్ళ తరువాత ఈ మూడు దస్త్రాలనూ తేదీని బట్టి కలిపి చదివాడనుకోండి. వానా మునకా ఒకే రోజు జరిగినట్టు కనబడుతుంది. అంత హఠాత్తుగా వస్తే ఎవరు మాత్రం ఏం చేయగలరు అని వ్రాస్తాడు. శనివారమంతా కురిసిన వానకూ ఆదివారపు మునకకూ నడుమ ఉన్న రాత్రి, ఎవరినైనా మేడమీదికి చేర్చగలిగిన ఆ రాత్రి, అతడి బొమ్మలో క్షయతిథి అయిపోతుంది. పదులకొద్దీ ప్రాణాలు పోయిన చోట ఇది చిన్న విషయం కాదు.

హెచ్చరికల సంగతీ ఇంతే. బ్యారేజి వద్ద 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండవది. ఏ గంటకు గీత దాటినదన్నది గంటగంట అంకెలు చూస్తేనే తెలుస్తుంది. అంకె పక్కన వ్రాసిన గంట ఆ గంట మొదలా, చివరా అన్నది తెలియకపోతే అక్కడికక్కడే ఒక గంట పోతుంది. లంకగ్రామంలో గొడ్లను కట్టుగొయ్యలు విప్పి కట్టమీదికి తోలడానికి ఒక గంట చాలా ఎక్కువ.

కనుక, మిత్రమా, మీ ప్రశ్నకు జవాబు. 11.43 లక్షలు రోజు సగటు కాదు, ఆ వేళకు కట్టిన గరిష్ఠం. 1903 నాటిదీ గరిష్ఠమే, కాని వేరే కట్టడంమీద, వేరే సూత్రంతో, పైన జలాశయాలు లేని నదికి కట్టినది. రెండు అంకెల నడుమ ఎనభైవేల చిల్లర తేడాను పట్టుకొని ‘చరిత్రలోకెల్లా పెద్ద వరద’ అని ఘంటాపథంగా చెప్పడానికి నేను సాహసించను. బ్యారేజి కట్టిన తరువాత వచ్చినవాటిలో పెద్దది అంటాను.

చివరగా దివిసీమ, బందరు, రేపల్లె, నిజాంపట్నం ప్రాంతాల చదువరులకు ఒక మనవి. 1977నాటి నీటిచార మీ ఇంటిలోగాని గుడిలోగాని ఇంకా మిగిలి ఉంటే అరుగుమీదినుండి ఎంత ఎత్తో కొలిచి, అరుగు నేలకన్న ఎంత ఎత్తో అదికూడా కొలిచి పంపండి. ఆనాడు బ్రతికి బయటపడిన పెద్దలు మీ ఇంట ఉంటే నీరు ఎప్పుడు వచ్చినది, ఎప్పుడు తీసినది అడిగి వ్రాయండి. వారు “దీపాలు పెట్టేవేళ” అంటే అట్లాగే వ్రాయండి, “గొడ్లు ఇంటికి చేరకముందు” అంటే అట్లాగే వ్రాయండి. దానిని ఆరు గంటలనో ఆరున్నరనో మార్చకండి.